మూలజెండా – హద్దు న్యాయం

రెండు పొలాల నడుమ పాతిన హద్దురాయి ఎవరిది? మన పల్లెలలో ఈ ప్రశ్నకు సమాధానం అంత సులభంగా దొరకదు. గెట్టు పంచాయితీలు తరాల తరబడి సాగడానికి ఇదే కారణం. హద్దు మీద నిలిచిన వస్తువు ఏ పక్షానికి చెందుతుందో ముందే నిర్ణయించుకోకపోతే వివాదం తప్పదు. క్రీడామైదానానికి కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది.

వెల్గటూరు, ధర్మపురి ప్రాంతాల విద్యార్థులకు కబడ్డీ సుపరిచితం. కూతకు వెళ్ళినవాడు ప్రత్యర్థిని తాకేవరకు లాబీలో అడుగుపెట్టరాదు. తాకిన మరుక్షణం ఆ లాబీయే ఆటస్థలం అవుతుంది. ఇక్కడ నేల మారలేదు. నియమం దానికి ఇచ్చిన అర్థం మారింది. రగ్బీ ఆటలోని మూలజెండా కథ కూడా ఇటువంటిదే.

రగ్బీ మనకు అంతగా పరిచయం లేని ఆట. అయినా 2025 జూన్‌లో ముంబైలో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లోని ఆరు జట్లలో 'హైదరాబాద్ హీరోస్' ఒకటి. ఈ ఆటలో బంతిని చేతబట్టి పరుగెత్తి, ప్రత్యర్థి గోల్ గీత మీదగాని దానికి అవతలగాని నేలకు ఆనిస్తే 'ట్రై' అంటారు. దానికి 5 పాయింట్లు. గోల్ గీత ఆటస్థలంలో భాగం. కాని పక్కగీత వెలుపలి భాగం. బంతి పట్టుకున్న ఆటగాడి పాదం పక్కగీతను తాకితే చాలు, బంతి బయటికి పోయినట్లే. ఈ రెండు గీతలు కలిసేచోట నాటినదే మూలజెండా.

పూర్వం బంతి పట్టుకున్న ఆటగాడు ఈ జెండాను తాకితే బయటికి పోయినట్లే లెక్క. మూలకు దూకిన ఆటగాడు బంతిని సరిగా నేలకు ఆనించినా, అంతకుముందే అతని భుజమో మోకాలో జెండాను రాసుకుంటే ట్రై దక్కేది కాదు. అంత శ్రమా ఒక కర్ర తగిలినందుకు వ్యర్థమయ్యేది. అంతర్జాతీయ రగ్బీ బోర్డు 2008 ఆగస్టులో ఈ నియమాన్ని ప్రయోగాత్మకంగా సడలించి, 2009లో ఆ మార్పును స్థిరపరచింది. ఇప్పుడు జెండా తగిలినంత మాత్రాన ఆటగాడు బయటికి పోయినట్లు కాదు. అయితే అతడు పక్కగీతను గాని, దాని అవతలి నేలను గాని తాకకూడదు. దేహం గాలిలో గీత దాటి ఉన్నా దోషం లేదు. నేలను తాకడమే ప్రమాణం.

ఈ సడలింపునకు ఒక మినహాయింపు ఉంది. బంతిని జెండా కర్రకే ఆనించి నేలకు మోపితే ట్రై కాదు. బంతి బయటికి పోయినట్లే పరిగణిస్తారు. దేహానికి కర్ర తగలడం పరుగు వేగంలో జరిగే యాదృచ్ఛిక సంఘటన. బంతిని ఎక్కడ ఆనించామన్నది మాత్రం ఆట ఫలితాన్నే నిర్ణయించే అంశం. నియమం ఈ రెండింటినీ వేరుచేసి చూసింది.

గోల్ స్తంభాల విషయంలోనూ ఇటువంటి మార్పే వచ్చింది. స్తంభం అడుగున ఉండే మెత్తకు బంతిని ఆనిస్తే ఒకప్పుడు ట్రై లభించేది. 2020లో ఆ అవకాశాన్ని తొలగించారు. ఇప్పుడు బంతి గోల్ గీతనో దాని అవతలి నేలనో తాకవలసిందే.

హద్దు అవసరమే, కాని హద్దును సూచించే గుర్తు హద్దుకంటె గొప్పది కాదు. గుర్తు తగిలినవాడిని హద్దు మీరినవాడిగా శిక్షించరాదని గ్రహించి నియమాన్ని సవరించుకోవడమే మూలజెండా మనకు చెప్పే పాఠం.

ప్రశ్నలు
1. మూలజెండా నియమంలో 2009లో స్థిరపడిన మార్పును, దాని మినహాయింపును వివరించండి.
2. కబడ్డీ లాబీని, రగ్బీ మూలజెండాను రచయిత ఏ విధంగా పోల్చారు?