మెతుకు సీమకు మేనత్తతో

క్రిస్మస్ పండుగ దాటి, వరికోతలు ముగిసిన తరువాత మన సంఘాలలో బస్సు ప్రయాణాలు మొదలవుతాయి. స్త్రీల మైత్రివారో, యౌవనస్థులో ఒక ఆర్టీసీ బస్సు అద్దెకు మాట్లాడుకొని, పులిహోర గిన్నెలకు మూతలు కట్టుకొని, తెల్లవారక ముందే బయలుదేరుతారు. అయితే ఆ బస్సు కదిలే వేళ అనేక ఇళ్ళలో అరుగు మీద ఒక పెద్ద ప్రాణం మిగిలిపోతుంది. “ఈ వయసులో నీకెందుకు? ఇల్లు చూస్తూ ఉండు” అంటారు ఇంట్లోవాళ్ళు. నిజానికి పాత స్థలాలకు ముందుగా తీసుకొని వెళ్ళవలసినది వారినే.

గత జనవరిలో మా సంఘం మెదక్‌కు వెళ్ళింది. మా మేనత్తకు ఎనభై ఏళ్ళు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండవ కంటి చూపు తగ్గిపోతోంది. చిన్నతనంలో ఒక్కసారి మెదక్ గుడి చూసింది. పెళ్ళయి దూరపు ఊరికి పోయాక మళ్ళీ చూడలేదు. “కండ్లు కనవడంగనే ఇంకొక్కపారి సూడాలె బిడ్డా” అని రెండేళ్ళుగా అడుగుతోంది. ఇంట్లో కొందరు వద్దన్నా, డ్రైవరు వెనుక సీటులో కిటికీ ప్రక్కన ఆమెను కూర్చోబెట్టాము.

మెదక్ అనే పేరుకు ‘మెతుకు’ అనే మాటే మూలమని పెద్దలు చెబుతారు. ఇప్పటికీ దానిని మెతుకు సీమ అంటారు. అన్నపు మెతుకు పేరు గల ఆ చోటనే ఒక కాలంలో మెతుకు కరువైంది. అప్పుడు అక్కడ సేవ చేస్తున్న వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి ఉచితంగా పెట్టి ఊరుకోలేదు. దేవాలయ నిర్మాణం తలపెట్టి, పని చూపించి, కూలి ఇచ్చారు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్ళు నిండాయి.

మేము ఉదయం తొమ్మిదింటికి చేరాము. ఆలయం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం ఎత్తు 175 అడుగులు. దాదాపు 5,000 మంది కూర్చొని ఆరాధించవచ్చు. మూడు వైపుల రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణం, పడమట జననం, తూర్పున సిలువ మరణం. ఇవి వరుసగా 1927, 1947, 1958 సంవత్సరాలలో అమర్చినవి. ఆ బొమ్మలకు వెలుగు సూర్యుడే. అందువలన ప్రొద్దుటి ఎండలో తూర్పు కిటికీ, సాయంత్రపు ఎండలో పడమటి కిటికీ చూడడం మంచిది. వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తూర్పు కిటికీ ఎదుట అత్త చాలాసేపు నిలబడింది. బొమ్మలోని ముఖాలు ఆమెకు స్పష్టంగా ఆనలేదు, రంగులు మాత్రం కనిపించాయి. తరువాత బయట మెట్ల మీద కూర్చొని, ఒక రాతిని అరచేతితో నిమురుతూ చెప్పింది:

“మా నాయినమ్మ ఈడ సున్నం మోసింది బిడ్డా. మా నాయిన అప్పుడు సంటిపోరడు. చెట్టుకు చీర తొట్టెల కట్టి, అండ్ల పండవెట్టి పనికి వోయేదట. పొద్దుమీకి కూలి చేతిల వడ్తెనే పొయ్యి ముట్టిచ్చుడు.”

ఆ తొట్టెలలో పండుకున్న బిడ్డ మా తాతయ్య! ఆయన ఒళ్ళో పెరిగిన మనవలం పదకొండుమందిమి. మాలో ఒక్కరికీ ఈ మాట తెలియదు. అత్తకు తెలుసు గాని ఆమెను అడిగినవారు లేరు. గుడి కట్టించినవారి పేరు పుస్తకాలలో ఉంది. తట్టలు మోసిన తల్లుల పేర్లు ఎక్కడున్నాయి? ఇటువంటి ముసలివారి నోటనే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోటకు వెళ్ళాము. కాకతీయుల కాలంలో కట్టి, తరువాత కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చిన గిరిదుర్గం అది. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం అని మూడు వాకిళ్ళు. పిల్లలు రాతి సింహాలను చూసి కేరింతలు కొట్టారు. అత్త మాత్రం, “గా గుట్ట నేనెక్కలేను, మీరు పోయి సూసి రాండ్రి” అని క్రింద నీడలో కూర్చుంది. ఆమెకు తోడుగా ఒకరం ఉండిపోయాము. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఆలయానికి వచ్చి, పడమటి వెలుగులో బాలయేసును చూసి తిరుగు ప్రయాణమయ్యాము.

యొర్దాను నది దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్ళు నిలబెట్టించిన సంగతి మనకు తెలుసు. ఇవేమిటని రేపు పిల్లలు అడగాలనీ, పెద్దలు జవాబు చెప్పాలనీ ఆ ఏర్పాటు. రాయి ఒక్కటే ఉండి చెప్పేవారు లేకపోతే పిల్లలకు అది ఉత్త రాయి.

కాబట్టి ఈ ఏడు మీ సంఘం బస్సు మాట్లాడుకున్నప్పుడు ముందువరుస సీట్లు పెద్దవారికి ఉంచండి. గంటకో గంటన్నరకో ఒకసారి బస్సు ఆపించండి. మాత్రలు, మంచినీళ్ళు, కప్పుకోను దుప్పటి చేతి సంచిలోనే పెట్టండి. నాలుగు చోట్లకు పరుగులు తీయించే కంటే రెండు చోట్ల నిదానంగా చూపించండి. ఎక్కలేనివారి దగ్గర ఒకరు వంతులవారీగా కూర్చోండి. ఆ కూర్చున్నవారు ఊరక ఉండక, “నీ చిన్నప్పుడు ఇక్కడ ఎలా ఉండేది?” అని ఒక్క ప్రశ్న అడగండి.

వారు చెప్పినది ఆ రాత్రే వ్రాసిపెట్టండి. పుట్టినరోజులు, పెండ్లి తేదీలు వ్రాసుకొనే కుటుంబ బైబిలులోని తెల్ల కాగితం మీద సున్నం మోసిన ఆ తల్లి సంగతికీ రెండు వరుసల చోటుంటుంది.