వనభోజనంలో నిప్పు మీద మాంసం – జాగ్రత్తలు

చలికాలం వచ్చిందంటే గాజువాక నుండి ఎన్నో కుటుంబాలు అరకు లోయకు బయలుదేరుతాయి. కట్టెల నిప్పు మీద, మనమే అమర్చుకున్న సామానుతో మాంసం కాల్చుకొని తినడం పిల్లలకూ పెద్దలకూ సరదా. ఆ సరదా ఆసుపత్రి దాకా రాకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బొంగే గిన్నె

అరకు గిరిజనుల బొంగులో చికెన్ మనకు తెలిసినదే. పచ్చి వెదురు బొంగును ఒక కొన కణుపుతో మూసి ఉండేలా కోస్తారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలను నూనె లేకుండా అందులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. పచ్చి బొంగులో నీరు ఉంటుంది గనుక అది వెంటనే అంటుకోదు. ముక్కలు తమ రసంలోనే ఉడుకుతాయి, మాడడం తక్కువ. ఎండిన బొంగు, రంగు పూసిన బొంగు వాడకండి. రెండు వైపులా మూసుకుపోయిన బొంగును నిప్పులో వేస్తే ఆవిరికి దారి లేక పేలుతుంది.

డ్రమ్ము పొయ్యి, ఇనుప జాలీ

కొందరు పాత డ్రమ్ము కోయించి పొయ్యి చేయించుకుంటారు. రంగులు, రసాయనాలు, నూనెలు ఉంచిన డ్రమ్ము ఇందుకు పనికిరాదు. లోపల ఆవిర్లు మిగిలి ఉంటే గ్యాస్ కట్టర్ తగలగానే పేలవచ్చు. జింకు పూసిన జాలీ కూడా వద్దు. బాగా వేడెక్కితే వచ్చే జింకు పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత జ్వరం, వణుకు, దగ్గు వస్తాయి. వెల్డింగ్ పనివారికి ఈ జ్వరం తెలిసినదే. పూత లేని స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు మేలు.

మాంసం ఉడికిందా?

పైన నల్లబడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. పెద్ద ముక్కను ఎముక దగ్గర కోసి చూడండి. గులాబీ రంగు, నెత్తుటి రసం కనిపిస్తే మళ్ళీ నిప్పు మీద పెట్టండి. థర్మామీటరు ఉంటే కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెంటీగ్రేడు చూపాలి. సగం ఉడికిన కోడిలో సాల్మొనెల్లా వంటి క్రిములు బ్రతికి ఉండి వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. పచ్చి మాంసాన్ని ఐసు పెట్టెలో తీసుకువెళ్ళండి. దానికి వాడిన కత్తి, పళ్ళెం కడగకుండా వండినదానికి వాడవద్దు. మాడిన భాగం తీసివేయండి.

ఇవి మరువకండి

1. నిప్పు మీద పెట్రోలు, కిరోసిన్ పోయకండి.

2. చలిగా ఉందని బొగ్గుల కుంపటిని గదిలోకి, గుడారంలోకి, వ్యానులోకి తేకండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

3. చర్మం కాలితే ఉంగరాలు, గాజులు తీసి, 20 నిమిషాలు చల్లని నీటి ధార క్రింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు పెట్టకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన బట్ట కప్పి వైద్యునికి చూపండి. ముఖం కాలినా, గాయం పెద్దదైనా వెంటనే 108కి ఫోన్ చేయండి.

4. తిరిగి వచ్చేముందు నిప్పుల మీద నీళ్ళు పోసి, బూడిద చల్లారే వరకు కలపండి. పైకి బూడిదగా కనిపించే నిప్పుల మీద పిల్లలు కాలు వేసే ప్రమాదం ఉంది.