శ్వాసరోగి ఆయుర్దాయము: అపోహలు – వాస్తవాలు

దీపావళి వెళ్లి చలి ముదిరినంతనే ఢిల్లీపై పొగమంచు క్రమ్ముకొనుటయు, విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి వల్లభభాయి పటేల్ ఛాతీ సంస్థ మొదలు మెహ్రౌలీలోని క్షయ, శ్వాసకోశ వ్యాధుల జాతీయ సంస్థ దాక వార్డులు సి.ఓ.పి.డి. (దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి) రోగులతో నిండుటయు ఏటేట జరుగుచున్నదే. లోపలినుండి వచ్చిన వైద్యుని రోగుల కుమారులు అడుగు ప్రశ్న ఒక్కటే: "నాన్నగారికి గండం గడిచినట్టేనాండీ?" వైద్యుడు నోరు విప్పకమునుపే ప్రక్కమంచమువారు తీర్పు చెప్పివేయుదురు.

"ఐ.సి.యూ.కు వెళ్లినవాడు తిరిగి రాడు" అనునది ఆ తీర్పులలో మొదటిది. ఇది చుట్టముల మాట మాత్రమే యైనచో ఇంత హాని లేకపోవును. వైద్యులును ఈ నిరాశకు లోబడినవారే యని 2007లో ప్రకటితమైన బ్రిటిషు పరిశీలన తేటపరచినది. ఐ.సి.యూ.లో చేరిన ఇట్టి రోగులలో నూటికి 49 మంది ఆరు నెలలు జీవింతురని వైద్యులు అంచనా వేయగా, జీవించినవారు 62 మంది. పదిమందియైనను మిగులరేమో యని పెదవి విరిచిన వర్గమునందు సైతము నలుబదిమంది నిలిచిరి. ఊపిరికి తోడ్పడు బైపాప్ మాస్కు తగిలించిన మాత్రమున కడపటి ఘడియ వచ్చినదని విలపించుటయు ఇట్టిదే: రక్తమున ఆమ్లత పెరిగిన రోగులకు సాధారణ వార్డులోనే ఈ మాస్కు పెట్టగా మరణములు నూటికి 20 నుండి 10కి దిగినవని 2000 నాటి పరిశోధన.

రోగి బ్రదుకునో లేదో తెలియుటకు వయస్సును, ఊదుడు పరీక్షను చూచిన చాలునని మరికొందరి నమ్మకము. 920 మంది రోగులను పరిశీలించి ఇంగ్లండు వైద్యులు 2012లో వెలువరించిన, మరణపు ముప్పును లెక్కగట్టు డీకాఫ్ గణనమునందు ఈ రెంటికిని చోటు లేదు. ఆయాసతీవ్రత, న్యుమోనియా మచ్చ, రక్తపు ఆమ్లత, గుండెలయ తప్పుట, వీనితోపాటు రిపోర్టులో ఎవరి కంటను పడని ఇసినోఫిల్సు అను తెల్లకణముల తగ్గుదల, ఈ అయిదింటికే అందు మార్కులు; మూడును, ఆపైని వచ్చినవారికి ముప్పు అధికము. ఆయాసమును గూర్చి అడుగునది నేటి స్థితి గాదు, జబ్బు ముదరకమునుపు తనంతట స్నానము చేసి బట్ట కట్టుకొనగలిగెనా యని. దీనికి కుమారులు అభిమానముకొలది ఏదో చెప్పుదురు గాని, నిజము తెలిసినది వేన్నీళ్లు తోడిన కోడలికి. అయినను ఆ మార్కుల అంకె చెప్పునది నూరుమందిలో ఎందరు పోవుదురని గాని, ఈ మంచముపైని మనిషి పోవునని కాదు.

ఆక్సిజన్ ఎంత హెచ్చించిన అంత మేలనుకొని, నర్సు అటు తిరుగగానే మీట త్రిప్పు ఆప్తులును కలరు. ఈ రోగులకు రక్తమున ఆక్సిజన్‌ను 88–92 శాతము నడుమ నిలిపినపుడే మరణములు తగ్గినవని 2010లో టాస్మేనియా పరిశోధకులు చూపిరి.

అన్నిటికంటె తీయని అపోహ "డిశ్చార్జి చేశారు, ఇక భయం లేదు" అనునది. బొగ్గుపులుసు వాయువు పెరిగి ఆసుపత్రిలో చేరిన వేయిమందికి పైగా అమెరికను రోగులలో నూటికి 11 మంది అక్కడనే మరణించిరి. ఆరు నెలలకు మృతులు మొత్తములో మూడవవంతైరి, రెండేండ్లకు ఇంచుమించు సగమైరి. కావున ఇంటికి చేరిన పిదపను చికిత్స సాగవలెను: రక్తమున ప్రాణవాయువు నిత్యము తక్కువగా నుండువారికి ఇంటియొద్ద దినమునకు పదునైదు గంటలకు తగ్గకుండ అది అందినచో ఆయువు పెరుగునని 1980–81 నాటి పరిశోధనలే రుజువు చేసినవి. అయినను అద్దెకు తెచ్చిన కాన్సెంట్రేటరును "కరెంటు బిల్లు, పైగా అలవాటైపోతుంది" అని రెండు గంటలకే కట్టివేయు గృహములు నోయిడాలోను, గుడివాడలోను గూడ కలవు.