ఆట మొదలు కాకముందు

ఇంకను విడుదల కాని ఆటను గురించి యువకులు గంటల తరబడి వాదించుకొనుట మన యిండ్లలో పెద్దలు వినియుందురు. ఆడని ఆటకు ఇంత మాట యెందుకని వారికి విసుగు కలుగుటయు సహజమే. చదరంగపు బల్ల కొనుటకు ముందు ఎవరును ఇంత తర్జనభర్జన చేయరు గదా! కాని ఆన్‌లైన్ ఆట చదరంగపు బల్ల వంటిది కాదు. ఆ భేదమును గ్రహించినచో వారి ఉత్సాహమునకును, దానిని వెన్నంటి వచ్చు సందేహములకును గల కారణము తేటపడును.

చదరంగపు బల్ల కొన్నవాని యింటిలో నుండును. ఎదుట ఒక్కరు కూర్చున్న చాలును. పదిమంది కూడి ఆడు ఆన్‌లైన్ ఆట నడచుటకు మాత్రము దానిని తయారుచేసిన సంస్థవారి సర్వరులు కావలెను. సర్వరు అనగా ఎడతెగక పనిచేయుచు, ఆటగాండ్రందరి కదలికలను ఒకచోట లెక్కగట్టి, ఎవరెక్కడ నున్నారో అందరికిని తెలియజేయు కంప్యూటరు. కోటలు, అడవులు, ఆయుధములు సంస్థవారు సిద్ధపరతురు. అందు తోడుగా నడచువారు, ఎదిరించువారు, బేరములాడువారు మాత్రము మనుష్యులే. కావున ఇట్టి ఆట ఒక వస్తువు కంటె క్రొత్తగా వెలసిన ఊరిని ఎక్కువగా పోలియుండును. ఊరిలోనికి ఎవరు వత్తురు, వచ్చినవారు ఎన్నాళ్లు నిలుతురు, వారిలో తన మిత్రులుందురా అను ప్రశ్నలకు విడుదలకు ముందు సంస్థయు జవాబు చెప్పజాలదు, ఆటగాడును చెప్పజాలడు.

ఆశకు మరియొక కారణము కూడ కలదు. పాత ఆటలో క్రొత్తగా చేరినవాడు, అప్పటికే ఏండ్ల తరబడి ఆడి ఆరితేరినవారి వెనుక నడువవలసినదే. క్రొత్త ఆటలో మొదటి దినమున అందరును సమానులు. దారులు ఎవరికిని తెలియవు. ఏ గుహలో ఏమున్నదో మొదట కనుగొన్నవాడు మిత్రులకు చెప్పి మెప్పు పొందును. ఆ అవకాశము ఒక్కసారియే వచ్చునది కనుక, విడుదలనాటికి సెలవు పెట్టువారు కూడ కలరు.

ఊరు జనమునకు తట్టుకొనునో లేదో చూచుటకై సంస్థలు విడుదలకు ముందు కొందరిని పిలిచి ఆడింతురు. దీనిని బీటా పరీక్ష యందురు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున ఆరిజిన్ అను సంస్థ ‘అల్టిమా ఆన్‌లైన్’ అను ఆటను 1997లో ఇట్లే పరీక్షించెను. దాని సృష్టికర్త రిచర్డ్ గారియట్ తానే లార్డ్ బ్రిటిష్ అను రాజు రూపమున ఆటలో ప్రజలకు దర్శనమిచ్చుచుండెను. రాజునకు ఎవరి వలనను ప్రాణహాని లేకుండునట్లు కట్టుదిట్టము చేసికొనవచ్చును గాని, ఆగస్టు 9వ తేదీన ఆ రక్షణ లేకపోయెను. గుంపులోని ఆటగాడొకడు మంత్రముతో మంట రగిల్చెను. రాజు అందరి యెదుటను నేలకూలెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 24న ఆట విడుదలయ్యెను. నియమములను వ్రాసినవారు సైతము, జనము చేరినపుడు ఏమి జరుగునో పూర్తిగా ఊహింపలేరని ఈ సంఘటన తెలుపుచున్నది.

ఇక సందేహముల సంగతి. అవి పలువిధములైనను ముఖ్యముగా మూడు.

మొదటిది: చూపిన బొమ్మలకును, చేతికి వచ్చు ఆటకును పొంతన యుండునా? జపానుకు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2010 సెప్టెంబరు 30న ‘ఫైనల్ ఫాంటసీ 14’ అను ఆటను విడుదల చేసెను. ఆ పేరునకు అంతకు ముందే లోకమంతట అభిమానులుండిరి. కాని తీర ఆడబోవునప్పటికి ప్రతి చిన్న పనియు మందకొడిగా సాగెను. చేయవలసిన పనులు కొరవడెను. ఒకే రకపు కొండలు, లోయలు మరల మరల కనిపించెను. డిసెంబరులో సంస్థ క్షమాపణ చెప్పికొని, నిర్వాహకులను మార్చి, నవోకి యోషిడా అను నాతనికి బాధ్యత నప్పగించెను. 2012 జనవరి వరకు నెలవారీ రుసుము వసూలు చేయలేదు. యోషిడా ఏమి జరుగుచున్నదో ఎప్పటికప్పుడు ఆటగాండ్రకు లేఖల ద్వారా తెలుపుచు వచ్చెను. తుదకు 2012 నవంబరులో ఆకాశము నుండి ప్రళయము వచ్చినట్లు కథ కల్పించి, పాత ఆటను మూసివేసి, 2013 ఆగస్టు 27న దానినే సరిక్రొత్తగా నిర్మించి తెరచిరి. పాతవారి పాత్రలను క్రొత్త లోకములోనికి తెచ్చుకొననిచ్చిరి. ఒకసారి మోసపోతిమని తలచినవారిలో ఆశయు అనుమానమును ఎంతగా పెనుగులాడియుండునో ఊహింపవచ్చును.

రెండవది: విడుదలనాడు లోనికి పోగలమా? 2013లో తిరిగి తెరచిన ఆ ఆటకే జనము విరగబడిరి. సర్వరులు నిండిపోగా, ఇంటర్నెట్టు ద్వారా జరుగు అమ్మకమును కొన్ని దినములు సంస్థయే నిలిపివేసెను. ‘అన్ని యంత్రములు ముందుగానే కొనరాదా?’ యని అడుగుట న్యాయమే. సంక్రాంతికి ఊరు చేరువారి రద్దీని తలచుకొనుడు. ఆ వారము నడపు ప్రత్యేక రైళ్లన్నిటిని ఏడాది పొడవున నడపినచో పెట్టెలు ఖాళీగా తిరుగును. మొదటి వారము వచ్చిన ఆటగాండ్రలో చాలమంది తరువాత రారు. సగము ఖాళీయైన సర్వరులలో తోడు దొరకక ఉన్నవారును విసిగి పోవుదురు. ఒక్కొక్కప్పుడు డబ్బున్నను యంత్రములు దొరకవు. 2021 డిసెంబరున ఇదే ఆటకు క్రొత్త భాగము వచ్చినపుడు, ప్రపంచమున చిప్పుల కొరత యుండుటచే సర్వరులను వలసినన్ని సమకూర్చుకొనలేకపోయిరి. ఆటగాండ్రు వరుసలో గంటల తరబడి వేచిరి. సంస్థ అమ్మకము నాపి, 2022 జనవరి 25న తిరిగి మొదలుపెట్టెను. చందాదారులకు మొత్తము 21 దినములు ఉచితముగా నిచ్చెను.

మూడవది: ఈ ఆట నిలుచునా? దీనికి నిదర్శనము మన దేశముననే కలదు. నూరుమంది ఒక దీవిపై దిగి, తుదివరకు మిగిలినవారు గెలుచు పబ్జీ మొబైల్ ఆటను తెలుగునాట ఎరుగని యువకులు అరుదు. భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న మరి 117 యాప్‌లతో పాటు దానిని నిషేధించెను. అక్టోబరు 30న సర్వరులు మూతపడెను. ఏండ్ల తరబడి ఆడి సంపాదించిన స్థాయి, డబ్బిచ్చి కొన్న దుస్తులు, నలుగురు మిత్రులు రాత్రివేళ మాటలాడుకొను చోటు, అన్నియు ఒక్కనాటితో అందకుండపోయెను.

కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ మన దేశమునకు ప్రత్యేకించి ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ను తెచ్చుచున్నామని 2021 మే నెలలో ప్రకటించెను. మే 18న ముందస్తు నమోదు మొదలుకాగా, రెండు వారములలో నమోదులు 2 కోట్లకు చేరినవని సంస్థ తెలిపెను. ఆ దినములలో ఆటగాండ్ర ప్రశ్నలు ఇవి: పాత ఖాతాలోని సంపద తిరిగి వచ్చునా? ఐఫోను గలవారికి ఎప్పుడు? దీనిని సైతము నిషేధింతురా? మొదటిదానికి జవాబు అనుకూలముగనే వచ్చెను. ఖాతా మార్చుకొను వీలు కల్పించిరి. ఆట జూలై 2న ఆండ్రాయిడ్ ఫోనులకును, ఆగస్టు 18న ఐఫోనులకును వచ్చెను. మూడవ ప్రశ్నకు కాలమే జవాబు చెప్పెను: 2022 జూలై 28న ఆటను యాప్ దుకాణముల నుండి తొలగించిరి; 2023 మే నెలలో మూడు మాసముల పరిశీలన షరతుపై తిరిగి అనుమతించిరి. ముందుగా సందేహించినవారిని పిరికివారనుటకు వీలులేదు.

ఈ మూడు సందేహముల నడుమ డబ్బు ప్రశ్న దాగియున్నది. ఉచితముగా లభించు ఆటలు దుస్తులు, ఆయుధముల రంగులు మున్నగు అలంకారములు అమ్మి రాబడి తెచ్చుకొనును. అవి కొన్నవాని సొత్తని తోచును గాని, సర్వరు మూసినచో వానితోనే పోవును. 2021లో ఆ ఆటను ప్రారంభించునపుడు 18 ఏండ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి అవసరమనియు, దినమునకు 3 గంటలు మించి ఆడరాదనియు, 7,000 రూపాయలు మించి ఖర్చు చేయరాదనియు నియమములు పెట్టిరి. దినమునకు 7,000 రూపాయలనగా అనేక కుటుంబములలో నెల వెచ్చముతో సమానము. కావున సంస్థవారి హద్దుతో సరిపుచ్చక, ఇంటి హద్దును ఇంటివారే నిర్ణయించుకొనవలెను.

అట్టి నిర్ణయమునకు తగిన సమయము విడుదలకు ముందు కాలమే. అప్పుడు కుర్రవాడు తానే మంచిచెడ్డలు తూచుచుండును, అడిగినచో చెప్పును. ఆట మొదలై మిత్రులతో జట్టు కట్టిన పిదప మాట చెవికెక్కుట కష్టము. నడుచుచున్న పందెమును చదరంగమువలె మధ్యలో ఆపి ఉంచుటకు వీలులేదు. భోజనమునకు పిలువగనే లేచినచో జట్టులోని ముగ్గురు నష్టపోవుదురు. ఒక్కొక్క పందెము సుమారు అరగంట పట్టునని తెలిసినచో, పిలుపు వేళను ముందే కుదుర్చుకొనవచ్చును.

కనుక క్రొత్త ఆటను గురించి మీ యింట వాదము వినబడినపుడు, పెద్దలు కూడ ఆ ప్రశ్నలనే అడుగుడు. ఎవరు నడుపుచున్నారు? ముందుగా చెల్లించిన సొమ్ము తిరిగి వచ్చునా? డబ్బిచ్చినవానికి అలంకారము మాత్రమే దక్కునా, గెలుపునకు సాయము కూడ దక్కునా? రెండు వారములు ఆగి చేరినచో ఏమి నష్టము? ఈ కడపటి ప్రశ్నకు మొదటి దినపు సంబరము పోవునని అతడు బదులు చెప్పవచ్చును. అది నిజమే. ఆ సంబరమునకు ఎంత సొమ్ము, ఎన్ని గంటలు కేటాయింపవచ్చునో విడుదల తేదీకి ముందే ఇద్దరును కూర్చుండి తేల్చుకొనుడు.