ఊలు కొట్లో నంబర్ల గోల

ఊలు అన్నది ఇంగ్లీషు ‘వూల్’ నుంచి మనకొచ్చిన మాట. ఉన్ని అన్నది సంస్కృతంలోని ‘ఊర్ణ’ ప్రాకృతం మీదుగా అరిగి అరిగి మనదైన మాట. చిత్రమేమిటంటే ఊర్ణ, వూల్ రెండూ ఒకే పురాతన ధాతువుకు పుట్టిన అక్కచెల్లెళ్లు. ఒకావిడ తూర్పుకొచ్చింది, ఇంకొకావిడ పడమరకు పోయింది. వేల ఏళ్ల తరవాత ఇద్దరూ మన లేసుల కొట్లో ఒకే అరలో కలుసుకున్నారు. సాలీడుకు ఊర్ణనాభం అని పేరు, అంటే బొడ్డులో ఉన్ని దాచుకున్నది అని. ఊలు కనిపిస్తే కొనకుండా ఉండలేని వాళ్లకు ఈ పేరు బాగా నప్పుతుంది. నేనూ ఆ జాతిదాన్నే, మా బీరువా కింది అరే సాక్షి.

మన ఊళ్లలో ఊలుకంటూ వేరే కొట్టు ఉండటం అరుదు. బొత్తాలు, జిప్పులు, చీర ఫాల్సులు, జాకెట్టు లేసులు అమ్మే కొట్లోనే పై అరలో ప్లాస్టిక్ సంచుల్లో ఊలు ఉండలు కూర్చుని ఉంటాయి. అడిగితే స్టూలెక్కి దించుతారు. “ఎన్ని కావాలమ్మా?” అన్నది సాధారణంగా మొదటి ప్రశ్న. అలా కాక “ఏం అల్లుతున్నారమ్మా?” అని ముందడిగే మనిషి తగిలితే ఆ కొట్టు వదలకండి. పసిపిల్ల టోపీకి ఒక ఉండ చాలు. పెద్దవాళ్ల నిండు చేతుల స్వెట్టరుకు దాదాపు అరకిలో పడుతుంది. ఈ లెక్క తెలియక మూడు ఉండలు కొని, వీపు భాగం అయ్యేసరికి చేతులు దులుపుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

ఇంతకీ ఆ ఉండల్లో గొర్రె ఉన్ని ఎంత? చాలావాటిలో సున్నా. మన బజారులో ఊలు పేరుతో దొరికేది ఎక్కువగా అక్రిలిక్, అంటే పెట్రోలియం సరుకు నుంచి తీసిన పోగు. లూధియానా మిల్లుల్లో తయారై మన దాకా వస్తుంది. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. చలి పేరుకు మాత్రమే ఉండే బెజవాడలో, రోజూ ఉతకాల్సిన పసివాళ్ల బట్టకు అదే నయం. కానీ ‘ప్యూర్ వూల్’ అని చెప్పి నాలుగింతలు ధర అడిగితే మాత్రం జానెడు పోగు అడిగి తెచ్చుకోండి. ఇంట్లో పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే తనంతట తనే ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య పొడిపొడిగా నలుగుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఈ పరీక్ష కొట్లో మాత్రం పెట్టకండి, చుట్టూ అంతా దారమే!

పది నంబరు ఎంత లావు?

అల్లిక సూదుల నంబర్లు మన దగ్గర తలకిందులుగా నడుస్తాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 12 నంబరు సుమారు 2.75. అంచు పట్టీ బిగుతుగా రావడానికి 12, ఒంటికి 10 వాడటం మన ఇళ్లలో పాత అలవాటు. ఈ తిరకాసు బ్రిటిష్ వాళ్ల ఇనుప తీగల కొలత నుంచి వచ్చింది. తీగను చిల్లుల పలకలోంచి ఎన్నిసార్లు లాగితే అంత సన్నమవుతుంది కదా, నంబరూ అలా పెరిగింది. పొలానికి కంచె వేసే రైతు హార్డ్‌వేర్ కొట్లో అడిగే 10 నంబరు తీగ, మీ చేతిలోని 10 నంబరు సూది దాదాపు ఒకే లావు. నమ్మకపోతే పక్కపక్కన పెట్టి చూడండి.

అమెరికాలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది. అక్కడి 10 నంబరు సూది 6 మిల్లీమీటర్లు, మనదానికి దాదాపు రెట్టింపు. డల్లాస్‌లో ఉన్న కూతురు పంపిన నమూనా చూసి గుంటూరులో అమ్మ 10 నంబరు సూదులతో మొదలుపెడితే పెద్దవాళ్ల స్వెట్టరు కాస్తా బొమ్మకు తొడిగేంత అవుతుంది. ఊలు లావు దగ్గరా ఇదే గొడవ. అమెరికా లేబుళ్ల మీద ఉండ బొమ్మలో 0 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది. అందులో 4 అంటే మధ్యరకం లావు. బ్రిటిష్ పుస్తకాల్లో ‘4 ప్లై’ అంటే సన్న ఊలు, అమెరికా లెక్కలో అది 1. రెండు చోట్లా నాలుగే, ఊలు మాత్రం వేరు. అందుకే మిల్లీమీటర్లనూ, వంద గ్రాములకు ఎన్ని మీటర్లు అన్న లెక్కనూ నమ్మడం మంచిది. మేజోళ్ల ఊలు వంద గ్రాములకు సుమారు 400 మీటర్లు వస్తుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతావి దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

అన్నట్టు, మన కొట్లలో తరచూ కనిపించే పోనీ బ్రాండు సూదుల పుట్టిల్లు నీలగిరి కొండల్లోని కేత్తి లోయ.

నూలు నంబరు కూడా సూది నంబరు దారిలోనే నడుస్తుంది, నంబరు పెరిగితే పోగు సన్నం. చేనేతవాళ్లు ‘వందో నంబరు’ అంటారే, దాని అర్థం ఒక పౌను దూదిలో 840 గజాల చిలపలు వంద వస్తాయని. శ్రీకాకుళం జిల్లా పొందూరులో అలాంటి నూలును రాట్నం మీద చేత్తో వడుకుతారు. అంటే అరకిలో కంటే తక్కువ దూదిలోంచి దాదాపు 77 కిలోమీటర్ల పోగు! వడికే ముందు ఆ దూదిని దువ్వేది వాలుగ చేప దవడ ఎముకతో. ఈ ముక్క ఏ దేశపు ఊలు దుకాణంలో చెప్పినా పని ఆపి వింటారు.

ఎరుపులో ఎన్ని ఎరుపులు

లేబుల్ మీద రంగు నంబరు పక్కనే ఇంకో నంబరు ఉంటుంది, అదే లాట్ నంబరు. ఒకేసారి ఒకే తొట్టిలో అద్దిన ఊలంతటికీ ఒకే లాట్. రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయ కొంచెం మారుతుంది. కొట్లో ట్యూబులైటు కింద తేడా తెలియదు, పగటి వెలుగులోనే బయటపడుతుంది. నేను ఒక కుంకుమరంగు స్వెట్టరు అల్లుతుంటే ఎడమ చేతి దగ్గర ఊలు అయిపోయింది. అదే కొట్టు, అదే రంగు, అదే కంపెనీ. అల్లి ముగించి దండెం మీద ఆరేశాక చూస్తే కుడిచెయ్యి కుంకుమ, ఎడమచెయ్యి ఎర్రమట్టి. తప్పు కొట్టువాళ్లది కాదు, నాదే. పాత లేబుల్ పారేశాను మరి. తరవాత ఒక పెద్దావిడ ఉపాయం చెప్పారు. పాత ఉండతో రెండు వరసలు, కొత్త ఉండతో రెండు వరసలు మార్చి మార్చి అల్లితే తేడా కంటికి ఆనదట. అలాగే విప్పి అల్లాను. నిజంగానే ఆనలేదు.

కొట్టే ఊరికి పెద్దదిక్కు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన సముద్రంలో షెట్లాండ్ దీవులున్నాయి. వాటి ముఖ్యపట్నం లెర్విక్‌లో జేమీసన్ అండ్ స్మిత్ అనే దుకాణానికి అల్లికవాళ్లు తీర్థయాత్రలా వెళ్తారు. పేరు పక్కనే ‘ఊలు బ్రోకర్లు’ అని రాసి ఉంటుంది. దీవుల్లోని రైతులు గొర్రెల ఉన్ని అక్కడికే తెచ్చి అమ్ముతారు. దాన్ని చేత్తో తడిమి నాణ్యత ప్రకారం వేరు చేస్తారు. అదే ఉన్ని ఊలుగా మారి తిరిగి అదే దుకాణం అరల్లోకి వస్తుంది. 25 గ్రాముల బుల్లి ఉండ, పొడవు 115 మీటర్లు. ఫెయిర్ ఐల్ అనే అక్కడి రంగురంగుల అల్లికకు ఇంత చిన్న ఉండే సరైనది. స్వెట్టరు నిండా పది రంగులు కనిపించినా ఏ వరసలోనూ రెండు రంగులకు మించి వాడకపోవడం ఆ అల్లిక నియమం. అక్కడి గొర్రెల సహజ రంగులకు కూడా సొంత పేర్లున్నాయి. ఎర్రగోధుమను మూరిట్ అంటారు, ముదురు బూడిదను షేలా అంటారు. అక్కడ 2010లో మొదలైన ఊలు వారోత్సవం ఇప్పుడు సాధారణంగా సెప్టెంబరు చివర్లో జరుగుతుంది. ఆ ఏటి టోపీ నమూనా ముందే విడుదల చేస్తారు, వచ్చేవాళ్లు అది అల్లుకుని తలమీద పెట్టుకుని దిగుతారు.

ఈ ముచ్చట వెనక ఒక చేదు కథ ఉంది. 19వ శతాబ్దంలో షెట్లాండ్ ఆడవాళ్లు శాలువలు, మేజోళ్లు అల్లి దుకాణానికి తెస్తే వర్తకులు డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. బదులుగా టీ పొడో, గుడ్డో ఇచ్చేవాళ్లు. ఇంట్లో గింజలు లేకపోతే ఆ టీ పొడిని మళ్లీ ఎవరికో అమ్ముకోవాలి. గోల పెద్దదై 1872లో ప్రభుత్వం విచారణ జరిపించింది. ఆ అల్లిక ఆడవాళ్లు చెప్పిన సాక్ష్యాలు ఇప్పటికీ చదవడానికి ఉన్నాయి.

ఈ కథ వింటే మనకు నర్సాపురం గుర్తురాక మానదు. క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు గోదావరి లంకల్లో, పల్లెల్లో ఇంటింటి పని అయింది. ఏజెంటు దారం రీళ్లు ఇచ్చి వెళ్తాడు, అల్లినదాన్ని తూకం, లెక్క చూసి పట్టుకెళ్తాడు. కూలి మాత్రం చిల్లరే. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. వీళ్ల పనిని తీరికవేళ కాలక్షేపమని జమకట్టి, కూలి తగ్గించడానికి దాన్నే సాకు చేసుకున్నారన్నది ఆవిడ వాదన. అల్లికను కాలక్షేపం అనే మాట నాకు అప్పటి నుంచి గొంతు దిగదు.

ఐస్‌లాండ్ ఆడవాళ్లు ఇంకో దారి పట్టారు. తాము అల్లినవి తామే అమ్ముకోవడానికి 1977లో సంఘం పెట్టుకున్నారు. రేక్యావిక్ నగరంలో వాళ్ల దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. ఆ దేశపు ఊలులో ఒక వింత రకం ఉంది, పేరు ప్లోటులోపి. అసలు వడకనే వడకరు. దూది పేకల్లా పలచని పీచును గుండ్రటి చక్రంలా చుట్టి అమ్ముతారు. గట్టిగా లాగితే తెగిపోతుంది, అరచేతిలో తడిచేసి రుద్దితే మళ్లీ అతుక్కుంటుంది. అల్లాక మాత్రం ఆ దేశపు చలిగాలికి గోడలా నిలుస్తుంది.

పెరూలో టిటికాకా సరస్సు మధ్యనున్న టకీలే దీవిలో అల్లిక మగవాళ్ల పని. కుర్రాడు పెళ్లయినవాడా కాడా అన్నది అతని టోపీ చూసి చెబుతారు. మన సంబంధాల పేరయ్యలకు పనుండదక్కడ.

అల్లిక చలిదేశంలో పుట్టిందా?

కాదు. ఇప్పటికి దొరికిన నిజమైన అల్లిక ముక్కల్లో అతి పాతవి ఈజిప్టువి, సుమారు వెయ్యేళ్ల నాటివి. అవి ఉన్నివి కావు, నూలువి. నీలిమందు రంగు, తెలుపు కలిపి అల్లిన మేజోళ్లు. కాబట్టి ‘ఈ ఎండల్లో అల్లికేమిటే’ అనే అత్తగారికి ఈ సంగతి చెప్పొచ్చు. వేసవిలో నూలు దారంతో అల్లడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఉన్నిలా సాగదు, వేళ్లు నొప్పెడతాయి. వారం రోజుల్లో అలవాటవుతుంది.

మనకు అసలు ఉన్ని లేదా అంటే ఉంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, ఒంటినిండా జుత్తే. దక్కనీ గొర్రెకు మాత్రం ముతక నల్ల ఉన్ని వస్తుంది. తెలంగాణలో కురుమలు గొంగడి నేసేది దాంతోనే. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ ఉన్నితో స్వెట్టరు అల్లితే గుచ్చుకుని చంపుతుంది కానీ, వానలో గొంగడి కప్పుకుని మేకల వెంట నడిచినవాళ్లకు దాని విలువ తెలుసు.

బీరువా రోగం

అవసరం లేకున్నా ఊలు కొని దాచడానికి ఇంగ్లీషు అల్లికవాళ్లు ‘సేబుల్’ అని పేరు పెట్టారు. ఆయుష్షంతా అల్లినా తరగనంత నిల్వ అని దాని విడమర్పు. తప్పొచ్చిన అల్లికను విప్పడాన్ని వాళ్లు కప్పపని అంటారు. విప్పేయ్ అనడానికి వాడే ‘రిప్ ఇట్, రిప్ ఇట్’ అన్న మాట కప్ప బెకబెకలా వినిపిస్తుందని! 2007లో అమెరికాలో ఒక భార్యాభర్తల జంట మొదలుపెట్టిన రావెల్రీ అనే వెబ్‌సైటులో మీ దగ్గరున్న ఊలంతా రంగు, లాట్ నంబర్లతో సహా జాబితా రాసుకునే వీలుంది. నేనూ రాశాను. మొత్తం మీటర్లు కూడబోయి మధ్యలో మానేశాను.

దాచుకున్న వాళ్లదే తెలివి అనిపించిన రోజులూ వచ్చాయి. అమెరికాలో మనవాళ్లు దారాలకూ గుడ్డలకూ వెళ్లే జోఆన్ దుకాణాలు 1943 నుంచి ఉన్నవి, 2025లో దివాలా తీసి అన్నీ మూతపడ్డాయి.

పాత స్వెట్టరు విప్పి మళ్లీ అల్లడం మన అమ్మమ్మల తరం బాగా ఎరిగిన విద్య. మా పెద్దమ్మ విప్పిన ఊలును కుర్చీ వీపుకు చుట్టేది. నాలుగు చోట్ల వదులుగా దారం కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, కింద చెంబు వేలాడదీసి నీడన ఆరేసేది. మర్నాటికి వంకరలన్నీ పోయి కొత్త ఊలులా ఉండేది. రంగు ఒక్కటే కొంచెం వెలిసేది.

ఈసారి ఊలు కొన్నప్పుడు ఒక్క పని చేయండి. లేబుల్‌కు మూరెడు పోగు చుట్టి, వెనక కొట్టు పేరు, తేదీ రాసి పాత బిస్కెట్ల డబ్బాలో వేసుకోండి. ఎడమచెయ్యి పూర్తయ్యేదాకా ఆ డబ్బా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.