చేతిలోని చలనచిత్రము



మా అత్తగారు బీడీలు చుట్టుచుండగా సెల్‌ఫోనుతో నొక నిమిషపు చిత్రము తీసి, ఆమెతో మాటమాత్రమైనను చెప్పక యూట్యూబున నుంచితిని. కొన్నాళ్ళకు మేము బోధను నుండి నిజామాబాదునకు పెండ్లికి పోగా, అచట నొక చిన్నది ఆమెను గుఱుతించి, "నీవు బీడీల అమ్మమ్మవు కదా!" యని చేయి పట్టుకొనెను. ఆమె నవ్వి యూరకుండెను గాని, ఇంటికి వచ్చిన పిదప నన్నడిగినది: "గా చినిగిన చీరెనే దొరికిందా నీకు? అడిగితె మంచిది కట్టుకోకపోదునా?"

నా కా చినుగే అందముగా దోచినది. అందుకే ఫోనును దగ్గఱకు జరిపి మఱీ తీసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ యంత్రము పనిచేయు తీరు తెలిసికొన్న వారికి వింతగా నుండును. అది సెకనుకు ముప్పది వంతున బొమ్మలను పట్టును. అన్నింటిని పూర్తిగా దాచినచో ఫోను కొలదిసేపటికే నిండిపోవును. కావున నడుమ నడుమ నొక బొమ్మను నిండుగా వ్రాసికొని, తక్కినవానిలో ముందటి బొమ్మకంటె మాఱినదానిని మాత్రమే గుఱించుకొనును. మా యత్తగారి వెనుకనున్న గోడ కదలదు, చాట కదలదు. తునికాకును కత్తిరించు వ్రేళ్ళు, తంబాకు చల్లి చుట్టి దారము బిగించు వ్రేళ్ళు, ఇవియే మరల మరల లెక్కకు వచ్చును. ఏబది యేండ్లుగా కదలుచున్న ఆ చేతులకు ఇంట నెవ్వరును చేయని లెక్కను ఈ యంత్రము చేసినదే యని యనుకొంటిని. కాని లెక్క వేఱు, మన్నన వేఱు.

మా పొరుగునున్న జగిత్యాల జిల్లాలో, మల్యాల మండలమున, లంబాడిపల్లి యను పల్లె గలదు. గంగవ్వగారిని మీలో నెఱుగనివా రరుదు. ఆమెయు కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లలను బెంచినదే. ఆమె యల్లుడు శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో ఆరంభించిన 'మై విలేజ్ షో' చిత్రములలో ఆమె తన యూరిమాటనే మాటలాడి లోకమును నవ్వించినది. 2020లో బిగ్ బాస్ నాల్గవ విడతలోను పాల్గొన్నది. మా యత్తగారు ఆమెను జూచి మురిసిపోదురు. "ఆమెకు ఎరుకనే గద, ఫోటువ తీస్తున్నరని" అన్నారు నాతో. ఆ మాట నాకు సూదివలె గ్రుచ్చుకొన్నది.

చిత్రకళ విషయమునను ఆమె తీర్పు నాకు గుణపాఠమైనది. 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠముగారు తెలంగాణపు స్త్రీలనే జీవితమంతయు చిత్రించిరి. ముదురు రంగుల చీరలు, నుదుట రూపాయంత బొట్టు, నిండైన దేహములు. నేనామెకు ఫోనులో నా చిత్రములను జూపితిని. పట్టణపు రసికుల వలె రేఖలనుగూర్చి యామె మాటలాడలేదు. చాలసేపు చూచి, "మంచిగ తయారై కూసున్నది, తొందర లేదు ఆమెకు" అన్నది. అంతకంటె మంచి విమర్శను నేను చదువలేదు.

ఇంకొక కథ కూడ ఆమెకు చెప్పితిని. 1895లో ఫ్రాన్సు దేశమున లూమియేరు సోదరులు తీసిన తొలి చిత్రములలో నొకటి, లియాన్ నగరమునందలి వారి కార్ఖానా ద్వారమునుండి పనివారు వెలుపలికి వచ్చుట. ఒక నిమిషమైన లేదు. వచ్చువారిలో ఆడువారే హెచ్చు; పొడవైన పావడలతో నవ్వుచు సాగిపోదురు. ఆ చిత్రమునకు మూడు ప్రతులు నేటికిని గలవు. కావున వారి నొకసారి కంటె నెక్కువగా నడిపించి తీసిరనుట స్పష్టము. "అట్లయితే వాళ్ళకు ఎరుకనే" అన్నారు మా యత్తగారు, తన మాట గెలిచినట్లు.

పాత చిత్రమును తొలగించితిని. కొన్ని దినములకు ఆమెయే, "నన్ను ఫాక్టరీ గేటుకాడ తియ్యి" యని యడిగిరి. శక్కరునగరు కార్ఖానా 1937లో, నిజాము కాలమున వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్దదని చెప్పుకొనిరి. 2015 డిసెంబరులో గానుగ నిలిచిపోయినది. కీర్తిశేషులైన మా మామగారు అందు పనిచేసిరి. ఆ దినములలో చెఱకు బండ్ల వరుసను దాటుకొని, సద్దిగిన్నె చేతబట్టుకొని ఆమె యా ద్వారమున నిలుచుండెడివారట.

చిత్రము తీయదలచిన సోదరీమణులకు నేను నేర్చుకొన్న ఒకటి రెండు మాటలు. ఫోనును అడ్డముగా పట్టుకొనుడు. ఎండ ముఖమున బడునట్లు మనిషిని నిలుపుడు, వెనుక గాదు. ఇంట తీయునెడల పంకాను ఆపుడు. కంటికి కనబడకున్నను దాని రొద మాటను మ్రింగును. బయట గాలికి మందేమియు లేదు. మేమును ఆ దినము చాల మాటలు పోగొట్టుకొంటిమి.

ఆమె ఎఱ్ఱంచు పట్టుచీర కట్టుకొని, తల దువ్వుకొని వచ్చిరి. మొదటిసారి తీసి చూపగా పెదవి విఱచి, "నా ముఖమే ఉన్నది, గేటేది? దూరం నిలబడు" అన్నారు. వెనుకకు నడచితిని. రెండవసారి నడుమ నొక ఆటో అడ్డు వచ్చినది. మూడవసారి ఆమె ద్వారమువైపు తిరిగి, చేతిలో నేదో యున్నట్లు చేయి మడచుకొని, పలుకక నిలుచుండిరి. లోపలినుండి యెవ్వరును రాలేదు. నలువది సెకనులకు నా చేయి వణకసాగెను. ఆపుమని ఆమె చెప్పలేదు గాన నేనును ఆపలేదు.

దానిని దుబాయిలోనున్న మా మఱదికి మాత్రము పంపుమనిరి. యూట్యూబున నుంచలేదు.