నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ – బడి ఈడు వచ్చాక

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బరువు పెరిగి, పాలు బాగా తాగుతూ ఇంటికి చేరితే "గండం గడిచింది" అని అందరం సంతోషిస్తాం. నిజమే, పెద్ద గండం గడిచినట్టే. అయితే మూడు, నాలుగేళ్ళు వచ్చి అంగన్‌వాడీకో, నర్సరీకో పంపినప్పుడు ఈ పిల్లల్లో కొందరికి ఇంకొక ఇబ్బంది బయటపడుతుంది. అది జ్వరంలా చేతికి తెలియదు. అందుకే చాలామంది దాన్ని మొండితనం అనుకుని బిడ్డను కొడతారు.

ఏమిటీ ఇబ్బంది?

"లోపలికి వెళ్ళి, పలక తెచ్చుకొని, చాప మీద కూర్చో" అంటే బిడ్డ లోపలికి వెళ్తాడు. అక్కడ బంతి కనిపిస్తే పలక సంగతి మరచిపోతాడు. తన వంతు వచ్చేదాకా ఆగలేడు. ఆట మాని అన్నానికి రమ్మంటే గుక్కపట్టి ఏడుస్తాడు. మాటలు బాగానే వస్తాయి, తెలివీ ఉంటుంది. కానీ పని సాగదు.

సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుణ్ణి చూడండి. ఒక దానిలో పోగు తెగితే వెంటనే దాన్ని ఆపుతాడు. ఏ సాంచాలో కండె అయిపోవచ్చిందో గుర్తుంచుకుంటాడు. ఒక పని వదిలి ఇంకో పనికి వెంటనే మారతాడు. ఆగడం, గుర్తుంచుకోవడం, మారడం అనే ఈ మూడు శక్తులనూ కలిపి డాక్టర్లు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. ఏ బిడ్డకైనా ఇవి మూడు నుంచి ఐదేళ్ళ మధ్య వేగంగా పెరుగుతాయి. నెలలు నిండని పిల్లల్లో కొందరికి ఆలస్యమవుతాయి.

కారణం ఏమిటి?

37 వారాలు నిండకముందే జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటాం. 2020లో మన దేశంలో ఇలా పుట్టిన వారు సుమారు 30 లక్షల మంది. గర్భంలోని చివరి వారాల్లో బిడ్డ మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. 34 వారాలకు దాని బరువు నిండు నెలల బిడ్డ మెదడు బరువులో సుమారు మూడింట రెండు వంతులే. మిగిలిన ఎదుగుదల తల్లి కడుపులో కాక బయట జరగాలి. ఎంత ముందుగా పుడితే ఇబ్బంది వచ్చే అవకాశం అంత ఎక్కువ. అయినా అందరికీ రాదు.

ఇది తల్లి పెంపకంలో లోపం కాదు, నానమ్మ గారాబం కాదు, దిష్టీ కాదు. జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్నో ఇళ్ళలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతూ పిల్లలను ఒంటరిగా సాకుతుంది. ఫోన్‌లో తండ్రికి వినిపించేది పిల్లవాడి ఏడుపే. "రెండు దెబ్బలు వెయ్యి" అనే ముందు ఆయనకు కూడా ఈ సంగతి చెప్పండి.

ఇంట్లో ఏం చేయాలి?

1. ఒకసారి ఒక్క పనే చెప్పండి. అది అయ్యాక రెండోది చెప్పండి.

2. ఆట ఆపించే ముందు హెచ్చరించండి. "ఇంకో రెండుసార్లు ఆడు, తర్వాత అన్నం" అని చెప్పి, మాట మీద నిలబడండి.

3. తిండి, స్నానం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి. మూడు, నాలుగేళ్ళ బిడ్డకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

4. ఆటలే మందు. దాగుడుమూతల్లో కళ్ళు మూసుకొని ఆగడం, అష్టాచెమ్మలో వంతు కోసం చూడడం, సండే స్కూలు అభినయ గీతం మధ్యలో ఆపితే కదలకుండా నిలబడడం – ఇవన్నీ మంచి సాధనలు.

5. అన్నం తినిపించడానికి సెల్‌ఫోన్ ఇవ్వకండి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు టీవీ, ఫోన్ కలిపి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎంత తగ్గిస్తే అంత మంచిది.

6. కొట్టకండి. భయపడిన బిడ్డకు చెప్పిన మాట ఇంకా తక్కువ గుర్తుంటుంది.

ఎవరికి చూపించాలి?

ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. వినపడని బిడ్డ కూడా మాట విననట్టే కనిపిస్తాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాలి. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి. అవసరమైతే వారు ప్రభుత్వ డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు పంపిస్తారు. మూర్ఛలు వచ్చినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. ఈ ఇబ్బందిని పోగొట్టే టానిక్ ఏదీ లేదు. దాని కోసం డబ్బు పోగొట్టుకోకండి.

ఇంట్లో ఇప్పుడే నెలలు నిండని పసిబిడ్డ ఉంటే తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ మానకండి. ఇది 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో మొదలైంది. అక్కడ ఇలా పెరిగిన పిల్లలను 20 ఏళ్ళ వయసులో పరిశీలించారు. మామూలు సంరక్షణలో పెరిగిన వారికంటే వీరిలో దూకుడు తక్కువని 2017లో ప్రచురించారు.

చివరగా, పుట్టినప్పటి డిశ్చార్జి కార్డు పారేయకండి. ఎన్ని వారాలకు పుట్టాడో, ఎంత బరువున్నాడో అందులో ఉంటుంది. ఎనిమిది వారాలు ముందు పుట్టిన బిడ్డ, అదే రోజు నెలలు నిండి పుట్టిన బిడ్డకంటే ఎదుగుదలలో రెండు నెలలు చిన్న. కాబట్టి నర్సరీకి తొందరపడకండి. చేర్పించే రోజు ఆ కార్డు టీచరుకు చూపించి, బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టమని అడగండి. మెదడులోని ఈ భాగం ఇరవై ఏళ్ళు దాటే వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఓపికగా నేర్పితే నేర్చుకోవడానికి మీ బిడ్డకు ఇంకా ఎంతో సమయం ఉంది.